జట్టును విడువక, చోటును మఱువక



చరిత్ర యనగానే మనకు రాజులు, కోటలు, దండయాత్రలు జ్ఞప్తికి వచ్చును. ముప్పది యేండ్లకు పైగా బడిలో పాఠములు చెప్పిన నేనును తఱచుగా వానినే చెప్పితిని. కాని సామాన్యజనులు తమకు ప్రియమైన యొక చిన్న సంస్థను నిలుపుకొనుటకు పడిన పాట్లును చరిత్రయే. అట్టి చరిత్ర నొకదానిని ఈ పూట మీకు విన్నవింపదలచితిని. ఇది లండను మహానగరమునకు ఆగ్నేయభాగమున, థేమ్సు నదికి దాపున నివసించు జనులు తమ ఫుట్‌బాలు క్లబ్బు కొఱకు చేసిన పోరాటము.

“సంస్కృతము చదివిన ముసలి పంతులకు కాలిబంతి యాటతో నేమి పని?” అని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. ఆట కంటె ఆ జనుల మనస్సులో పుట్టిన ధర్మసందేహము నాకు ముఖ్యము. మనము ప్రేమించు సంస్థను నడపువారు మనకు సమ్మతము గాని పని చేసినప్పుడు మన మేమి చేయవలెను? నోరు మూసికొని వెంట నడువవలెనా? కోపించి విడిచిపోవలెనా? ఈ రెండును గాక మూడవ మార్గ మున్నదా? ఈ ప్రశ్న బడికిని, గుడికిని, గ్రంథాలయమునకును, సహకార సంఘమునకును సమానముగా వర్తించును. కనుకనే గ్రామపెద్దలగు మీ ముందు దీనిని పెట్టుచున్నాను.

ఇంగ్లండు దేశమున ఫుట్‌బాలు క్లబ్బు ఎట్టిదో మొదట చెప్పవలెను. ఒక్కొక్క పట్టణమునకు, లండను వంటి మహానగరములో ఒక్కొక్క పేటకు, సొంత క్లబ్బు ఉండును. సంవత్సరమున జరుగు లీగు పోటీలలో సగము సొంత మైదానమునను, సగము ఎదిరిపక్షమువారి మైదానమునను ఆడుదురు. తండ్రి చేయి పట్టుకొని మైదానమునకు పోయిన బాలుడు పెద్దవాడై, తన కొడుకు చేయి పట్టుకొని ఆ మెట్లమీదనే నిలుచును. ఇంటిపేరు మార్చుకొననట్లే, జట్టు ఓడినదని క్లబ్బును మార్చుకొనరు. ఐనను చట్టము దృష్టిలో క్లబ్బు ఒక వ్యాపార సంస్థ. వాటాలు కొన్నవారు దానికి యజమానులు. మమకారము చేత అది పేటవారిది; పత్రముల చేత అది వాటాదారులది. నేను చెప్పబోవు కలహమంతయు ఈ భేదమునుండియే పుట్టినది.

చార్ల్‌టన్ అథ్లెటిక్ అను క్లబ్బును 1905వ సంవత్సరము జూన్ 9వ తేదీన నదీతీరపు వీధులలోని బాలురు కొందరు స్థాపించిరి. వారిలో ఎవరికిని ఇంకను మీసము వచ్చి యుండదు. కొన్ని యేండ్లు ఆ చోట, ఈ చోట ఆడి, 1919లో వారు సుద్దయు ఇసుకయు త్రవ్వి విడిచిపెట్టిన యొక పెద్ద గొయ్యిని మైదానముగా నెన్నుకొనిరి. దానిని బాగుచేయుటకు చేత ధనము లేదు. అప్పుడు అభిమానులే పారలు పట్టి, నేల చదును చేసి, త్రవ్విన మన్నును చుట్టును గట్టుగా పోసిరి. చూచుటకు లోయవలె నుండుటచే దానికి ‘వ్యాలీ’ యను పేరు స్థిరపడెను. లోయ యనియే ఆ మాటకు అర్థము. ఆ మైదానము కొని తెచ్చినది కాదు, చెమటోడ్చి చేసినది. తరువాతి కథ బోధపడుటకు ఈ యొక్క విషయమును మీరు మనస్సున నుంచుకొనవలెను.

1923లో నిర్వాహకులు ఎక్కువ జనము వచ్చునను ఆశతో జట్టును క్యాట్‌ఫర్డ్ అను చోటికి మార్చిరి. కొత్త జనము రాలేదు. పాత జనము తగ్గెను. ఆ ఋతువు ముగియగానే, 1924లో, తిరిగి వ్యాలీకే వచ్చి చేరిరి. తరువాత మంచిరోజులు వచ్చెను. 1938 ఫిబ్రవరి 12వ తేదీన ఆస్టన్ విల్లా జట్టుతో జరిగిన ఆటకు 75,031 మంది ఆ లోయలో గుమికూడిరి. 1947లో బర్న్‌లీ జట్టును ఒక గోలుతో ఓడించి, ఆ దేశమున మిక్కిలి ప్రాచీనమైన ఎఫ్.ఏ. కప్పును గెలిచిరి. 1957లో మొదటి శ్రేణినుండి జారి, పిదప చాలకాలము క్రింది శ్రేణులలో గడపిరి. జనము తగ్గెను, రాబడి తగ్గెను, మైదానము పాతబడెను.

1980 తరువాత కష్టములు మూటగట్టుకొని వచ్చెను. 1982లో క్లబ్బును అమ్మిన యజమాని మైదానపు భూమిని మాత్రము తనయొద్దనే యుంచుకొనెను. ఇల్లొకరిది, ఇంటిక్రింది నేల మఱియొకరిది యైనప్పుడు ఆ కాపురము ఎంతకాలము సాగును? 1984లో క్లబ్బు అప్పులపాలై న్యాయస్థానమున మూతపడవలసిన దశకు చేరి, చివరి నిమిషమున కొత్తవారు పెట్టుబడి పెట్టగా బ్రతికెను. 1985 మే 11వ తేదీన బ్రాడ్‌ఫర్డ్ పట్టణపు మైదానములో కొయ్యకట్టడమునకు నిప్పంటుకొని 56 మంది మరణించిరి. దానితో దేశమంతట మైదానముల భద్రతను అధికారులు కఠినముగా పరీక్షింపసాగిరి. వ్యాలీలో తూర్పువైపున నున్న బ్రహ్మాండమైన మెట్లవరుస నిలుచుటకు క్షేమకరము కాదని మూయించిరి. మఱియొక ప్రక్క పడమటి కట్టడము వెనుకనున్న స్థలమును భూస్వామి తిరిగి కోరెను. ఇట్లు రెండు దిక్కులను త్రోవ మూసికొనిపోయెను.

నిర్వాహకుల కష్టమును నేను తేలికగా చూడను. ధనము లేనివానికి దారులు తక్కువ. కాని వారు చేసిన పని కంటె, చేసిన తీరు జనుల మనస్సును ఎక్కువ నొప్పించెను. 1985 సెప్టెంబరు 7వ తేదీన ఆటకు వచ్చినవారి చేతికి ఒక కరపత్రము నిచ్చిరి. క్లబ్బు వ్యాలీని విడిచి, క్రిస్టల్ ప్యాలెస్ అను పొరుగు క్లబ్బువారి సెల్‌హర్స్ట్ పార్కు మైదానములో అద్దెకు ఆడబోవుచున్నదని అందు వ్రాసియుండెను. ఎవరిని అడుగలేదు, ఎవరితో ఆలోచింపలేదు. తాతలు మట్టి మోసిన మైదానమును మనుమలు రెండు వారములలో వదలవలసి వచ్చెను. సెప్టెంబరు 21వ తేదీన స్టోక్ జట్టుతో చివరి ఆట జరిగెను. కొందరు మైదానములోనికి దిగి తమ నిరసన తెలిపిరి. చార్ల్‌టన్ రెండు గోళ్లతో గెలిచెను. గెలిచిన ఆటనుండి జనులు దుఃఖముతో ఇండ్లకు పోవుట అరుదుగా జరుగును. ఆ దినమున అట్లు జరిగెను.

సెల్‌హర్స్ట్ పార్కు లండనులోనే యున్నది. దూరము కొన్ని మైళ్లే. కాని ఆ నగరమున దక్షిణభాగమును అడ్డముగా దాటి పోవుట బహుశ్రమ. పైగా అది పొరుగు ప్రత్యర్థి యిల్లు. మన యూరి రథోత్సవమును పొరుగూరి వీధులలో జరిపినచో మనకెట్లుండునో ఊహించుకొనుడు.

ఇచ్చట అభిమానులు రెండు తెగలైరి. మొదటి తెగవారు మనస్సు నొప్పించినను సెల్‌హర్స్ట్‌కు పోయి జట్టును ఉత్సాహపఱచిరి. “తప్పు నిర్వాహకులది, ఆటగాండ్రేమి చేసిరి? మనము పోనిచో వారిని ఎవరు పలుకరింతురు?” అన్నది వారి వాదము. రెండవ తెగవారు ఆ మైదానములో కాలు పెట్టమని నిశ్చయించుకొనిరి. “మనము టిక్కెట్టు కొన్నచో ఈ మార్పునకు సమ్మతించినట్లగును” అన్నది వారి వాదము. ఐనను వారిలో అనేకులు జట్టును విడువలేదు. పోటీలలో సగము ఇతరుల మైదానములలో జరుగునని ముందే చెప్పితిని గదా! ఆ యూళ్లకు పోయి, అచ్చట తమ జట్టు కొఱకు గొంతెత్తి కేకలు వేసిరి. తమ ‘ఇంటి’ ఆటకు మాత్రము పోలేదు. అది ఇల్లు కాదని వారి పట్టు.

ఇందులో విచిత్రమేమనగా, ప్రవాసమునందే జట్టుకు మంచికాలము వచ్చెను. 1986లో చార్ల్‌టన్ 29 యేండ్ల తరువాత మొదటి శ్రేణికి ఎక్కెను. 1987 మేలో లీడ్స్ జట్టుతో జరిగిన నిర్ణాయక పోటీలో, ఓటమి అంచున నుండి రెండు గోళ్లు కొట్టి, ఆ శ్రేణిలో నిలిచెను. మేలైన ఆట జరుగుచుండెను, చూచువారి సంఖ్య మాత్రము పలుచగా నుండెను. అద్దెయింటిలో పరమాన్నము వడ్డించినను, సొంత యింటి గంజి జ్ఞప్తికి వచ్చుచునే యుండును.

భారతమున విదురుని చూడుడు. జూదము వలదని ధృతరాష్ట్రుని మొగము మీదనే చెప్పినవాడు. ఐనను కురువంశమునకు హితము కోరుట మానినవాడు కాడు. ఒకప్పుడు రాజు కోపించి పొమ్మనగా అడవిలోనున్న పాండవులయొద్దకు పోయెను. తిరిగి పిలువగానే వచ్చెను. ఎదిరించుటయు హితము కోరుటయు ఒకే హృదయమున ఇముడునని వ్యాసమహర్షి మనకు చూపెను. ఎదురు చెప్పినవానిని ద్రోహి యనియు, తల యూపినవానిని భక్తుడనియు పిలుచుట లోకరీతి. విదురుని కథ ఆ రీతికి విరుద్ధము.

చార్ల్‌టన్ అభిమానులు కేకలతో సరిపెట్టుకొనలేదు. ఆ ప్రాంతపు వార్తాపత్రిక యొకటి వ్యాలీయే మన యిల్లని ఉద్యమము నడిపి, మహజరుపై వేలకొలది సంతకములు చేర్చెను. 1988లో అభిమానులే ‘వాయిస్ ఆఫ్ ది వ్యాలీ’, అనగా లోయ గొంతుక, అను చిన్న పత్రికను ప్రారంభించిరి. అందులో జట్టు ఆటను మెచ్చుకొనుచునే నిర్వాహకులను ప్రశ్నించిరి. ఇంతలో క్లబ్బు చేతులు మారెను. విడిపోయిన క్లబ్బును, మైదానమును తిరిగి యొక్క యాజమాన్యము క్రిందికి వచ్చెను. 1989 మార్చి 23వ తేదీన వూలిచ్ పురమందిరమున జరిగిన సభలో, క్లబ్బు వ్యాలీకి తిరిగి పోవునని పెద్దలు ప్రకటించిరి. కొన్ని దినములకే అభిమానులు పారలు, కత్తులు పట్టుకొని ఆ మైదానమునకు పోయిరి. మూడేండ్లకు పైగా మనుష్యసంచారము లేక మెట్లమీద పొదలు పెరిగి యుండెను. వానిని నఱికి, చెత్తను కుప్పలు పోసి కాల్చిరి. తాతలు 1919లో చేసిన పనినే వారు మఱల చేసిరి.

కాని ఇల్లలుకగానే పండుగ కాదు గదా! మైదానమును కొత్తగా కట్టుటకు గ్రీనిచ్ పురపాలక సంఘము అనుమతి కావలెను. క్లబ్బు సమర్పించిన ప్రణాళికలో వ్యాపార భవనములు గూడ నుండెను. చుట్టుపట్ల గృహస్థులకు కలుగు ఇబ్బందిని సంఘమువారు ఆలోచింపవలసి యుండెను. 1990 జనవరి 31వ తేదీన ప్రణాళికా ఉపసంఘము పది యోట్లకు రెండు చొప్పున ఆ దరఖాస్తును త్రోసిపుచ్చెను.

ఇప్పుడు ఆ జనులు చేసిన పని ఫుట్‌బాలు చరిత్రలో అపూర్వము. వారు రాళ్లు రువ్వలేదు. ‘వ్యాలీ పార్టీ’ అను పేరుతో ఒక రాజకీయపక్షమును స్థాపించి, 1990 మే 3వ తేదీన జరుగు పురపాలక ఎన్నికలలో 60 మంది అభ్యర్థులను నిలిపిరి. మైదానమును తిరిగి పొందుటయే ఆ పక్షపు ఉద్దేశము. ఏండ్ల తరబడి ఆటలో గోలు కొఱకు అరచిన గొంతులు ఇంటింటికి పోయి మృదువుగా ఓటడిగినవి. ఓట్లు లెక్కపెట్టగా ఆ పక్షమునకు 14,838 వచ్చెను. అనగా నూటికి 10.9 వంతులు. ఒక్క స్థానమైనను గెలువలేదు. ఐనను ప్రణాళికా ఉపసంఘమునకు అధ్యక్షుడైన సభ్యుడు తన స్థానమును కోల్పోయెను. ఎన్నికలో ఓడియు కార్యము సాధింపవచ్చునని దీనివలన తెలియుచున్నది. తరువాత సంఘమువారు క్లబ్బుతో మాటలాడ మొదలిడిరి. సవరించిన ప్రణాళికకు 1991 ఏప్రిలులో అనుమతి లభించెను.

అప్పటికి జట్టు మొదటి శ్రేణినుండి జారిపోయి యుండెను, ధనమును లేకుండెను. 1991లో సెల్‌హర్స్ట్‌ను విడిచి, నది కావలి గట్టుననున్న వెస్ట్ హామ్ క్లబ్బువారి అప్టన్ పార్కు మైదానమున తలదాచుకొనిరి. వ్యాలీలో పని నడుమ ఆగిపోయెను. 1992లో అభిమానుల కొఱకు ఒక పెట్టుబడి పథకము పెట్టిరి. ఎవరి శక్తికొలది వారు ధనమిచ్చిరి. పదిలక్షల పౌండ్లకు పైగా చేరెను. ఇచ్చినవారికి రానున్న యేండ్ల టిక్కెట్లలో తగ్గింపును, తమ ప్రతినిధి నొకనిని నిర్వాహకవర్గమునకు ఎన్నుకొను హక్కును కలిగెను. 1985లో కరపత్రము ద్వారా వార్త వినినవారు ఇప్పుడు నిర్ణయములు చేయు బల్లకడ కూర్చుండిరి. నా మతమున ఈ కథలో కప్పు గెలుచుట కంటెను ఇది గొప్ప విజయము.

1992 డిసెంబరు 5వ తేదీన చార్ల్‌టన్ జట్టు వ్యాలీలో మఱల అడుగిడెను. వెళ్లిపోయి ఏడు సంవత్సరముల, రెండు నెలల, పదునాలుగు దినములైనది. కట్టడములు పూర్తి కాకపోవుటచే 8,337 మందికే చోటు దొరకెను. పోర్ట్స్‌మత్ జట్టు ఎదిరిపక్షము. ఏడవ నిమిషమున కోలిన్ వాల్ష్ అను ఆటగాడు గోలు కొట్టెను. ఆ యొక్క గోలుతోనే చార్ల్‌టన్ గెలిచెను. 1998 నాటికి జట్టు అగ్రశ్రేణికి చేరెను. మైదానమును క్రమముగా పెంచి, 27,000 మందికి పైగా కూర్చుండ వీలుగా చేసిరి.

ఇట్టి కలహములన్నియు ఇట్లే ముగియునని చెప్పలేను. కవెంట్రీ పట్టణపు జట్టును 2013లో, మైదానపు అద్దె తగవు వలన, ముప్పది మైళ్లకు పైబడి దూరముననున్న నార్తాంప్టన్‌కు తరలించిరి. అభిమానులలో కొందరు ఆ మైదానములోనికి పోక, ప్రక్కనున్న మిట్ట నెక్కి, అచ్చటినుండియే ఆట చూచుచు తమ జట్టును ఉత్సాహపఱచిరి. నిర్వాహకుల పెట్టెలో పైస వేయలేదు. ఆటగాండ్ర చెవులకు తమ గొంతు వినిపింపక మానలేదు. 2014 సెప్టెంబరు 5వ తేదీన జట్టు ఇంటికి తిరిగి వచ్చినప్పుడు 27,000 మందికి పైగా ఎదురేగిరి.

వింబుల్డన్ వారి గతి వేఱు. వారి క్లబ్బును సుమారు అరువది మైళ్ల దూరమున గల మిల్టన్ కీన్స్ అను కొత్త పట్టణమునకు తరలించుటకు 2002 మే 28వ తేదీన ఫుట్‌బాలు సంఘము నియమించిన విచారణసంఘమే అనుమతించెను. తిరిగి వచ్చు ఆశ లేదు. అప్పుడు అభిమానులు ఆ సంవత్సరమే సొంతముగా ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ అను కొత్త క్లబ్బును పెట్టి, చాల క్రింది శ్రేణినుండి మొదలిడి, 2011లో ఫుట్‌బాలు లీగులో ప్రవేశించిరి. 2020 నవంబరులో తమ పాత మైదానమునకు దాపున, ప్లవ్ లేన్ అను వీథిలోనే, కొత్త మైదానమున ఆడిరి. చార్ల్‌టన్ వారిది విదురుని మార్గమైనచో, వీరిది విభీషణుని మార్గము. విభీషణుడు సైతము మొదటనే లంకను విడువలేదు. హితము చెప్పి, మఱల చెప్పి, వినరని నిశ్చయమైన పిదపనే విడిచెను. ఆ క్రమమే ముఖ్యము.

నేను పనిచేసిన యొక గ్రామమున బడిని ఊరి నడుమనుండి పొలిమేరకు మార్చిరి. కొందరు కోపించి పిల్లలను బడి మానిపించిరి. కొందరు పిల్లలను పంపుచునే, నెల నెలకు అర్జీలు పెట్టుచు, వానకాలపు బురదను అధికారులకు స్వయముగా చూపుచు వచ్చిరి. మూడవయేట చిన్న తరగతులు ఊరిలోనికి తిరిగి వచ్చెను. అర్జీ పెట్టినవారి పిల్లలు ఆ మూడేండ్లును చదివికొనిరి. మానిపించినవారి కోపము న్యాయమైనదే. దాని ఖరీదును మాత్రము పిల్లలు చెల్లించిరి.

కావున, పెద్దలారా, ఈ పరదేశపు కథనుండి నేను గ్రహించినది మీకు మనవి చేయుచున్నాను. సంస్థ వేఱు, దానిని కొంతకాలము నడపువారు వేఱు. రెండింటిని ఒకటిగా చూచినవాడు బానిసయైన నగును, ద్రోహియైన నగును. వేఱుగా చూచినవానికి మాత్రమే ఎదిరించుచు ప్రేమించుట సాధ్యము. లోపలికి పోయి పోరాడినవానిని, బయట నిలిచి పోరాడినవానిని ఒకరినొకరు నిందింపనీయక కాపాడుట పెద్దల పని. ఏలయన తిరిగి వచ్చు దినమున ఇరువురును కావలెను. చార్ల్‌టన్‌లో పొదలు నఱకుటకును, ఓట్లు అడుగుటకును, ధనము కూర్చుటకును ఉభయులును చేతులు కలిపిరి. ఎదిరించుట మాటలతో ముగిసినచో అది కోపము మాత్రమే. చీపురు పట్టుటకును, చందా యిచ్చుటకును, ఎన్నికలో నిలుచుటకును సిద్ధపడినప్పుడు అది సేవ యగును.

మీ యూరిలో బడియో, గుడియో, గ్రంథాలయమో కదలింపబడునను వార్త వచ్చినచో, దానిని చెప్పవచ్చిన అధికారి నడుగవలసిన మొదటి ప్రశ్న “ఎందుకు మార్చుచున్నారు?” అని కాదు, “ఎవరిని అడిగి మార్చుచున్నారు?” అని. ఆ ప్రశ్న నడుగు హక్కు మీకున్నది. అడిగిన పిదప పార పట్టవలసిన బాధ్యతయు మీదే. సెలవు.